ఎవరి బార వాళ్లదే

ఆళ్లగడ్డ,
9-6-1958.

నాయనా,

కాలు ఎట్లుందో ముందు రాయి. పిండికట్టు లోపల దురద పుడితే గోకుకోవద్దని డాక్టరు చెప్పినాడని రంగమ్మత్త రాసింది. కొబ్బరిపుల్ల లోపలికి దూర్చి గోకుతున్నావని కూడా అదే కార్డులో రాసింది. నీ చెల్లెలు నంద్యాలలో ఉన్నంతకాలం నువ్వు అక్కడ ఏం చేసినా మాకు ఇక్కడ తెలుస్తుంది, గుర్తు పెట్టుకో.

మన తాళ్ల దుకాణం తెరిచినాను. నిన్ను బండిలో పడుకోబెట్టినప్పుడు, అంత నొప్పిలోనూ నువ్వన్న మాట నా చెవిలోనే ఉంది. "చేతనైనన్ని దినాలు చూడు. చేతకాకుంటే తాళంచెవులు ఎదురంగడి సుబ్బరాయునికి ఇచ్చేయ్. వాడు ఎప్పట్నుంచో అడుగుతాండాడు, దుకాణమే వానికి అమ్మేస్తా" అన్నావు. అమ్మేస్తే నాకు మిగిలేది ఏమిటో చెప్పనా? కిటికీ దగ్గర కూర్చొని కర్నూలుకూ హైదరాబాదుకూ ఉద్యోగాల దరఖాస్తులు రాయడం. బి.ఏ. అయి ఏడాదిగా అదే పని చేసినాను. మళ్లీ ఆ కిటికీ దగ్గరికి పోను.

కానీ మొదటి దినమే చిక్కు వచ్చింది. మన దుకాణంలో గజం కర్ర లేదు. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఎంతో అంతే ఒక బార. ముప్పై ఏండ్లుగా ఆ చేతులు నీవి. ఇప్పుడు నావి. శిరివెళ్ల నరసింహులు కపిల బావికి ఎద్దులు లాగే మోకు కావాలని వచ్చినాడు. మీసాలు పెద్దవి, గొంతు అంతకంటే పెద్దది, ఆయనే. నేను చేతులు చాపి రెండు బారలు కొలిచినానో లేదో, ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి అన్నాడు:

"ఏం పాపా, మీ నాయన చేతులు యాడ, నీ చేతులు యాడ? ఈ లెక్కన నేను కొనేది మోకు గాదు, మేకపిల్లకు మొలతాడు."

దుకాణం ముందర నిలబడినవాళ్లంతా నవ్వినారు. ఆయన నేరుగా ఎదురుగా ఉన్న సుబ్బరాయుని అంగడికి నడిచినాడు. మరుసటి దినం ఇంకో ఇద్దరు పోయినారు. వాళ్ల తప్పేముంది? నా చేతులు నిజంగానే పొట్టివి.

ఆ పై దినం నరసింహులు ఎద్దుల పలుపుల కోసం మళ్లీ వచ్చినాడు. తాడు చుట్ట తీసి ఆయన చేతిలోనే పెట్టినాను. "మీ చేతుల్తోనే కొలుచుకో పెద్దనాయనా" అన్నాను. ఆయన తాడు చూసినాడు, నన్ను చూసినాడు. "నిజంగానేనా?" అన్నాడు. నిజమే అన్నాను. కొలుచుకున్నాడు. పోయినాడు. కాసేపటికి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొని వచ్చినాడు. "ఊరికే ఇంత ఇస్తాండావంటే తాట్లో ఏదో ఉండాల" అని వీధిలో ఒకడు ఈ కొసా ఇంకొకడు ఆ కొసా పట్టుకొని గుంజి చూసినారు. తాడు తెగలేదు. వాళ్లకు అదింకా పెద్ద అనుమానమైంది.

అమ్మ బాగుంది. దుకాణం వెనక అరుగు మీద కూర్చొని చెరుగుతూ, లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ తూకం వేస్తూ ఉంటుంది.

నీ
నాగరత్న

నంద్యాల,
14-6-58.

రత్నకు దీవెనలు.

నీ జాబు చదివించుకోలేదు, నేనే చదివినా. చదివినాక కాలు నొప్పి మర్చిపోయి తల నొప్పి పట్టింది. కొనేవాని చేతికి కొలత ఇచ్చేది ఏం యాపారమే? హోటల్లో కూర్చున్నోని చేతికి గంటె ఇస్తారా?

బార అంటే చేతులు చాపేది గాదు. ఇది నీకు నేను నేర్పాల్సింది, తీరిక లేక నేర్పలేదు. రొమ్ము కొంచెం లోపలికి తీసుకోవాల. మోచేతులు సడలించాల. మరీ వంచితే కనపడతాది, వంచకుంటే యాపారం మిగలదు. మాట్లాడుతానే కొలవాల, ఎద్దుల సంగతి అడుగుతానే కొలవాల. మా నాయన నాకు ఇట్లే నేర్పించినాడు. మోసం అనుకుంటావేమో, గాదు, పని. నీ చేతులు పొట్టివైతే ఇంకా మంచిదే గదా, తక్కువ పోతాది. వాళ్లు గొణుగుతారు. గొణిగి మళ్ల కొంటారు. రోజూ పొద్దున అద్దం ముందర నిలబడి నేర్చుకో.

ఇంగోసారి మోకు వాళ్ల చేతికి ఇచ్చినావని తెలిస్తే సుబ్బరాయునికి కబురు చేస్తా. వేళకు తిను. అమ్మను ఎండలో కూర్చోవద్దను.

మీ నాయన

ఆళ్లగడ్డ,
29-6-1958.

నాయనా,

చెప్పినట్లే అద్దం ముందర నిలబడినాను. రొమ్ము లోపలికి తీసుకొని, మోచేతులు సడలించి, ఎద్దుల సంగతి అడుగుతూ చేతులు చాపినాను. అమ్మ గడపలోంచి చూసి "ఏమే, ఈత నేర్చుకుంటాండావా?" అనింది. ఇద్దరం నవ్వి నవ్వి కూర్చుండిపోయినాం. నాకు ఆ విద్య రాదు నాయనా. వచ్చినా నా మొహం పట్టిచ్చేస్తుంది.

ఇంకో సంగతి. కోపం తెచ్చుకోవద్దు. కొండకింది పల్లె నుంచి బయ్యమ్మ, మారెన్న తాళ్లు పేని తెచ్చి మనకు అమ్ముతారు కదా, వాళ్ల దగ్గర కొనేటప్పుడు నీ చేతులు వేరే చేతులు. చిన్నప్పటినుంచి చూస్తున్నాను. అప్పుడు నీ రొమ్ము ముందుకొస్తుంది, భుజాలు లేస్తాయి, వేళ్ల కొసలు గూడా సాగుతాయి, గద్ద రెక్కలు విప్పినట్లు. అదే తాడు సాయంత్రం అమ్మేటప్పుడు చలికి ముడుచుకున్న కోడివైపోతావు. ఎప్పుడూ అడగాలనుకునేదాన్ని, ఒకే మనిషికి రెండు రకాల చేతులు ఎట్లుంటాయని. అడిగితే కొడతావని అడగలేదు. ఇప్పుడు నీ కాలికి కట్టుంది కాబట్టి అడుగుతున్నాను.

మొన్న బయ్యమ్మ వచ్చింది. "నీ తాడు నీ చేతుల్తోనే కొలిచియ్యి" అన్నాను. ఆమె నాకంటే పొట్టి. నడుం మీద చెయ్యి పెట్టుకొని మొగుడు మారెన్న వైపు తిరిగి, "ఇన్నావా మావా, నాయనకు కాలు ఇరిగితే పాపకు తల ఇరిగింది" అనింది. మారెన్న నవ్వలేదు. తాడు కొస పట్టుకొని, నేను ఎక్కడ మాట మార్చుకుంటానో అని గబగబా కొలవమన్నాడు.

అంటే నాకు రెండు వైపులా తాడు పోతూ ఉంది. నువ్వు అనకముందే నేనే అంటున్నాను. అంతకంటే పెద్ద పోత ఇంకొకటి ఉంది. దాని పేరు పుల్లయ్య.

శిరివెళ్ల వాళ్లకు సంగతి అర్థమయ్యేదానికి ఎక్కువ దినాలు పట్టలేదు. కొనేవాని చేతులే కొలత అయితే పొడుగు చేతులవాణ్ణి పిలుచుకొని పోదాం అనుకున్నారు. పుల్లయ్య మన గడపలో వంగి వస్తాడు, లోపల కూడా దూలానికి తల తగలకుండా వంగే నిలబడతాడు. చేతులు చాపితే ఈ గోడనుంచి ఆ గోడదాకా వస్తాయేమో అనిపిస్తుంది. ఎవరు తాడు కొనాలన్నా ఆయనకు కాఫీ, బోండా ఇప్పించి వెంట తెచ్చుకుంటున్నారు. ఆయనకు పొలం పని కంటే ఇదే బాగున్నట్లుంది. మూడు ఊళ్లకు ఆయనే కొలత. నిన్న అటక మీదికి చూస్తే సగానికి పైన చుట్టలు ఖాళీ. సుబ్బరాయుడు మామ తన దుకాణంలోంచే అరిచినాడు: "కోడలా, ఇంగ కొన్ని దినాలు పోతే తాళ్లన్నీ అయిపోయి కొక్కేలు అమ్ముకుంటావు!"

నిద్ర పట్టక, నీ మాటే సరియేమో అనుకున్నాను. పొద్దున జరిగింది చూసి మళ్లీ మనసు మార్చుకున్నాను.

పెద్దవీధి చివర ఉండే లింగమ్మవ్వ చేదబావికి తాడు కావాలని వచ్చింది. ఆమెను నువ్వెరుగుదువు, తోడు ఎవరూ లేరు. మీ చేతుల్తోనే అన్నాను, అందరికీ అన్నట్లే. ఆమె చేతులు చాపింది. చాపినాక గానీ నాకు తట్టలేదు నేనెంత తెలివితక్కువ పని చేసినానో. ఎండుపుల్లల్లాంటి చేతులు, సగం కూడా చాచుకోలేదు. అవ్వ మాత్రం అంతటికే సరిపెట్టుకొని "చాల్లే అమ్మా, బావి గూడా పాతదే గదా" అనింది, నీళ్లు తనకోసం పైకి వస్తాయన్నట్లు. దుకాణంలో శిరివెళ్ల వాళ్లు నిండుగా ఉన్నారు. పుల్లయ్య వంగి, "ఇట్లియ్యి అవ్వా" అని తాడు తీసుకొని, తన చేతుల్తో ఆమెకు కొలిచినాడు. బోండా ఎవరూ ఇప్పించలేదు. కొలిచి ఇచ్చినాక నరసింహులు వైపు తిరిగి, "పెద్దాయనా, నీ చేతులకేం రోగం? నీ తాడు నువ్వే కొలుచుకో, నేనింగ ముసిలోళ్లకే కొలుస్తా" అన్నాడు.

నరసింహులు మీసాలు ఎర్రబడినాయంటే నమ్ము. లేచి తనే కొలుచుకున్నాడు. నేను ఆయన చేతులే చూస్తున్నాను. అందరి ముందరా, తన తాడు తానే కొలుచుకునేవాడు మరీ సాగదీయలేడు నాయనా. చివరి బారకు ఆయన మోచేతులు వాటంతటవే కొంచెం ముడుచుకున్నాయి. "చాల్లే పాపా" అన్నాడు.

ఇది నీకు యాపారంగా కనిపించదని తెలుసు. కొన్ని దినాలు ఆగు. సుబ్బరాయుడు మామకు కబురు చెయ్యొద్దు.

నీ
నాగరత్న

నంద్యాల,
30-6-58.

రత్నా,

నీ దగ్గర్నుంచి జాబు లేదు. నీ సంగతులు బస్సుల్లో వస్తాండాయి.

మన ఊరి చెన్నకేశవులు నంద్యాల సంతకు వచ్చి నన్ను చూసిపోయినాడు. మన దుకాణంలో ఒక పొడుగోడు పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉంటాడంటనే. కాఫీలు తాగుతాడంట. తాడు కొలిచేది గూడా వాడేనంట. వాడొచ్చినాకనే ఊరంతా దుకాణం ముందర గుమిగూడతాండాదంట. ఎవడే వాడు? నీ కాలేజీలో చదివినోడా? జీతానికి పెట్టుకున్నావా? మీ అమ్మ ఆడనే కూర్చొని చూస్తా ఊరుకున్నాదా? రంగమ్మ "ఏమో అన్నా, చదువుకున్న పిల్లలు" అని మూతి తిప్పుతాండాది. నాకు ఈడ లేచి నడిచేదానికి కాలు లేదు, ఉంటే ఈపాటికి ఆడ ఉందును.

దుకాణం తాళ్లు అయిపోయినాయని గూడా చెప్పినాడు. దుకాణం పోయేది ఒకటి, పరువు పోయేది ఇంకొకటి. రెండూ పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. సుబ్బరాయునికి కబురు చేసినా. ఆదివారం వస్తాడు. ఏమీ మాట్లాడకుండా తాళంచెవులు ఇచ్చేయ్.

మీ నాయన

ఆళ్లగడ్డ,
7-7-1958.

నాయనా,

నీ జాబూ నా జాబూ శిరివెళ్ల దగ్గర ఒకదాన్నొకటి దాటుకొని పోయుంటాయి. నాది అందినాక ఆ పొడుగోడు ఎవరో నీకు తెలిసే ఉంటుంది. పుల్లయ్యకు పెళ్లాం ఉంది, బిడ్డలున్నారు, పెద్దబిడ్డకు పెళ్లి కూడా అయింది. అమ్మకు నీ కార్డు చదివి వినిపించినాను. ఆమె పుల్లయ్యకే చెప్పేసింది. ఆయన ఎంత నవ్వినాడంటే దూలానికి తల తగిలి నుదుట బొప్పి కట్టింది. రంగమ్మత్తకు ఈ వార్త తప్పకుండా అందజెయ్యి.

ఇక ఆదివారం సంగతి. మొదటినుంచి రాస్తాను.

శుక్రవారం మంచి వాన పడింది. నీకు తెలుసు కదా, మొదటి వానకు అందరికీ అన్నీ ఒకేసారి కావాలి. దున్నే మడకలకు పగ్గాలు, కాడి తాళ్లు, పలుపులు. శనివారం పొద్దున్నే రెండు దుకాణాల ముందరా జనం. మా అటక ఖాళీ, మామ అటక కూడా ఖాళీయే. నేను తలుపు రెక్క పట్టుకొని, వీళ్లకు ఏం చెప్పాలా అని నిలబడినాను. అప్పుడు వీధి మలుపులో బయ్యమ్మ కనపడింది. వెనక మారెన్న, వాళ్ల వెనక ఆ పల్లెలో తాడు పేనే ఇండ్లవాళ్లు అందరూ. ఒక్కొక్కరి భుజం మీద ఒక్కొక్క చుట్ట.

మామ మెట్లు దిగి వీధిలోకి వచ్చినాడు. "మే బయ్యమ్మా, ఇటు రా, ఇటు! ధర చూసి ఇస్తాలే!"

బయ్యమ్మ నిలబడలేదు. నడుస్తూనే అనింది, "ధర నువ్వు చూసియ్యి సామీ, కొలత ఎవరు చూస్తారు? నీ చేతులు కొనేటప్పుడు కొండదాకా పోతాయి. ఆ పాప కాడ మా చేతులు మావే."

తాళ్లన్నీ మన దుకాణంలోనే దించినారు. చీకటి పడేలోపల సగం అమ్ముడుపోయింది. గడివేముల నుంచి కూడా ఇద్దరు వచ్చినారు. ఇంత దూరం ఎందుకొచ్చినారు అంటే, "ఆడ చెప్పుకున్నారులే, నీ కాడ కొనేవాని చేతులే కొలతంట" అన్నారు. వాళ్లు పుల్లయ్య లాంటివాణ్ణి తెచ్చుకోలేదు. తామే కొలుచుకొని, మామూలు బార లెక్కకే ఇంటికి పట్టుకొని పోయినారు.

ఆదివారం సుబ్బరాయుడు మామ వచ్చినాడు. నీ కబురు ఆయనకు అందిందని మొహం చూస్తేనే తెలిసింది. తాళంచెవులు గల్లాపెట్టె మీదే పెట్టినాను. అమ్మ చెరగడం ఆపింది.

మామ బల్ల మీద కూర్చున్నాడు. తాళంచెవుల వైపు చూడలేదు, తాళ్ల చుట్టల వైపు చూసినాడు. ఎదురుగా ఆయన దుకాణం ముందర ఆయన దగ్గర కొనే మనుషులే నిలబడి ఎదురుచూస్తున్నారు, ఇవ్వడానికి తాడు లేదు.

"కోడలా, నాలుగు చుట్టలు ఇస్తావా? నువ్వు కొన్న ధరకే."

వెనకనుంచి అమ్మ కండ్లతోనే వద్దంటోంది. నాకూ ఒక్క నిమిషం వద్దనాలనే అనిపించింది, నాయనా. ఆయన నా దుకాణం కోసం వచ్చినాడు, నేను ఆయన దుకాణం ఎందుకు నిలబెట్టాలి? కానీ వీధిలో నిలబడిన ఆ మనుషుల పొలాలకు వాన నా కోసం ఆగదు. "తీసుకో మామా. నువ్వే కొలుచుకో" అన్నాను.

మామ లేచినాడు. తాడు కొస పట్టుకొని చేతులు చాపినాడు. అప్పుడు జరిగింది చూడాల్సింది నువ్వు. కొనేటప్పుడు అలవాటైన చేతులు కదా! రొమ్ము ముందుకొచ్చింది, భుజాలు లేచినాయి, కాలి వేళ్ల మీద లేచి నిలబడినాడు. ఆయన వెనకే వచ్చి గడపలో నిలబడిన ఆయన మనుషులంతా ఆ చేతుల్నే చూసినారు. ఒక ముసలాయన మెల్లగా అన్నాడు:

"ఓయప్పా సుబ్బరాయుడన్నా! నీకు ఇంత పొడుగు చేతులుండాయని మాకు తెల్దే! మాకు అమ్మేటప్పుడు వీటిని ఇంట్లో పెట్టి వస్తాండావా?"

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు గానీ దుకాణమంతా పాకింది. మామ చేతులు అట్లే చాపుకొని ఉండిపోయినాడు. దించితే ఒక తప్పు, దించకుంటే ఇంకో తప్పు. మొహం చూస్తే నాకు నవ్వు పోయి జాలేసింది. ఇన్నేండ్లు నీకు ఎదురుగా కూర్చున్న మనిషి. "వాన పడింది కదా తాతా, కీళ్లు వదులైనాయిలే" అన్నాను ముసలాయనతో. మామ నా వైపు చూసినాడు. "అవునవును, వానకే" అన్నాడు. తర్వాత ఆయనే నవ్వినాడు, కడుపు కదిలేటట్లు. మిగిలిన చుట్టలు మామూలు చేతుల్తో కొలుచుకున్నాడు.

పోతూ పోతూ గడపలో ఆగి, "తాళంచెవులు నీ కాడనే ఉండనీ కోడలా. ఈ చేతులు ఊరంతా చూసినాక ఒక్క దుకాణం నడిపేదే నాకు కష్టం, రెండెందుకు" అన్నాడు.

ఆయన వద్దన్నాడు గానీ, దుకాణం నీది. నువ్వు ఇవ్వాలంటే ఆయనకు కాకుంటే ఇంకొకరికి ఇస్తావు. అందుకే అడుగుతున్నాను. ఈ దుకాణం నాకు కావాలి. చదువు అయిపోయినాక నా మనసు ఎక్కడా కుదురుకోలేదు, నీకు తెలుసు. ఇక్కడ పొద్దు గడిచేది తెలియడం లేదు. వచ్చేవాళ్లు తాడు కొనుక్కొని వెంటనే పోరు, అమ్మతో తమ బిడ్డల కాన్పుల సంగతి చెప్పుకుంటారు, నాతో జాబులు రాయించుకుంటారు. నేను ఎక్కువ ఇచ్చి పోగొట్టుకున్నది ఏదో తిరిగి వేరే దారిలో వచ్చి అరుగు మీద కూర్చుంటోంది. నువ్వు కాదంటే కాదనుకుంటాను. కానీ ఆలోచించి కాదను.

నీ
నాగరత్న

నంద్యాల,
21-7-58.

రత్నకు,

జాబు ఆలస్యమైంది. కోపంతో గాదు. కోపం వచ్చిన మాట నిజం, పోయిన మాట గూడా నిజం.

నీ జాబు వచ్చిన మరుదినం నరసింహులు వచ్చినాడు. నేను ఆయనకు ముప్పై ఏండ్లుగా తాడు అమ్మినా. ఆయన నా కోసం గడప తొక్కింది ఇదే మొదలు. దోసకాయలు తెచ్చినాడు. నేను "ఏందప్పా, నేను పోయినానని ఎవరన్నా చెప్పినారా?" అంటే, "ఆ పాప నాయనవు గదా, చూసిపోదామని" అన్నాడు. ఆ పాప నాయనంట. నా పేరు ఆయనకు తెలవదా? అది మొదలు. నంద్యాల సంతకు వచ్చినోడల్లా ఈడికే. ఒకడు కొర్రలు తెచ్చినాడు, ఇంకొకడు చెనిక్కాయలు. ఆ పొడుగోడు గూడా వచ్చినాడు. రంగమ్మ తలుపు సందులోంచి చూసి, వాని నెరిసిన మీసాలు చూసి, మూతి మూసుకొని కాఫీ పెట్టేదానికి పోయింది. మనిషి మంచోడే. నా మంచం పక్కన నేల మీద కూర్చున్నా నాకంటే ఎత్తుండాడు.

ఇంతమంది వచ్చి పోతాంటే మంచంలో పండుకొని ఒకటే ఆలోచించినా. నేను అమ్మినప్పుడు వాళ్లు తాడు తీసుకొని పోయినారు. అంతే. ఎవరూ ఒక పిందె తెచ్చిన పాపాన పోలేదు. నేను తక్కువ కొలుస్తానని వాళ్లకు తెలుసు, వాళ్లకు తెలుసని నాకు తెలుసు. రెండువైపులా నోరు మూసుకొని ఇన్నేండ్లు గడిచిపోయినాయి. అది తప్పని గాదు. అందరూ అట్లే చేస్తారు. కానీ మంచాన పడినప్పుడు మనిషి ఎవరెవరు వచ్చినారో చూసుకుంటాడు.

తాడు ఎక్కువ పోయిందనేది మర్చిపోలేను. ఇంగ ముందు బయ్యమ్మ కాడ కొనేటప్పుడన్నా కొంచెం చూసుకోమని చెప్దామనుకున్నా. రాసి కొట్టేసినా. నువ్వు వినవు, నాకు సిరా దండగ. ఈడ బజార్లో మీటరు కర్రలు వస్తాయంటాండారు. వస్తే నీ చేతులూ నా చేతులూ ఎవరికీ పనికిరావు. అప్పటిదాకా ఎట్ల చేసుకుంటావో చేసుకో.

కట్టు విప్పినారు. కర్ర పట్టుకొని నడుస్తాండా. నిన్న రంగమ్మను తోడు తీసుకొని సైను బోర్డులు రాసేవాని అంగడికి పోయినా. మన దుకాణానికి బోర్డు లేదు గదా, ఇన్నేండ్లూ వద్దనుకొని పెట్టలేదు. ఆ పెయింటరు ఎవరి పేరు రాయాల అన్నాడు. నీ పేరు చెప్పినా. వాడు రేకు మీద వేలు పెట్టి లెక్కబెట్టుకొని, "అచ్చరానికి ఇంత అని తీసుకుంటా పెద్దాయనా, ఈ పేరు పొడుగుండాది, రత్న అని చాల్లే" అన్నాడు. చాలదు, అంతా రాయి అన్నా. వాడు మొదలుపెట్టినాక నేనే మళ్ల చెప్పి, పేరు పక్కన బి.ఏ. గూడా రాయించినా. అది గూడా లెక్కేనంట. కానియ్యి అన్నా.

రంగు ఆరినాక బస్సు మీద పంపుతా. వాన తగలకుండా దించుకో.

మీ నాయన